బొమ్మరింటికి ఐపీ68 రేటింగ్ ఇవ్వగలమా? దుమ్ము, చేతులు తగలకుండా ఏం కొనాలి, ఏం కొనక్కర్లేదు

కొత్త ఫోన్ రివ్యూ ఓపెన్ చేయగానే చాలామంది వెతికే లైన్ ఒకటుంది. ఐపీ68 ఉందా, లేదా? అందులో చివరి 8 నీటికి సంబంధించింది, అందరూ దాని గురించే మాట్లాడతారు. ముందున్న 6ని పెద్దగా ఎవరూ పట్టించుకోరు. అది దుమ్ము అంకె. 6 అంటే దుమ్ము లోపలికి రాదు. 5 అంటే కొంచెం వస్తుంది కానీ పరికరం పని చెడదు. ఈ టెస్ట్‌లో ఫోన్‌ని సన్నటి టాల్కమ్ పౌడర్ గాల్లో తిరుగుతున్న ఛాంబర్‌లో పెట్టి, గంటల తరబడి ఉంచి, తర్వాత విప్పి చూస్తారు.

ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి, బొమ్మరిల్లు ఊహించుకోండి. మ్యూజియంలోనో, స్కూల్ లైబ్రరీలోనో, హోటల్ లాబీలోనో, అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లోనో నలుగురూ చూసేలా పెట్టిన డాల్‌హౌస్. అందులో వందల విడి పార్టులు ఉంటాయి. ఒక్కదానికీ స్క్రూ ఉండదు. విరిగితే సర్వీస్ సెంటర్ లేదు, స్పేర్ దొరకదు. రోజూ ముందు నుంచి జనం నడుస్తూనే ఉంటారు. దీన్ని కాపాడాలంటే ఏం కావాలి? చాలామందికి మొదట తట్టేది కెమెరా. మా లిస్టులో మాత్రం అది అట్టడుగున ఉంది. ఎందుకో ముందుకెళ్తుంటే మీకే తెలుస్తుంది.

దుమ్ముకి స్కేల్ లేదు

మంచి బొమ్మరిళ్లలో ఎక్కువ భాగం 1:12 స్కేల్‌లో ఉంటాయి. అంటే అడుగుకి అంగుళం. 90 సెంటీమీటర్ల కుర్చీ 7.5 సెంటీమీటర్లు అవుతుంది. టీ కప్పు బఠాణీ గింజంత. అన్నీ పన్నెండో వంతుకి తగ్గుతాయి, దుమ్ము తప్ప. మన బట్టల నుంచి ఊడిన ఒక మిల్లీమీటరు నూలు పోగు ఆ ఇంటి సోఫా మీద పడితే పన్నెండు మిల్లీమీటర్ల తాడు ముక్కలా కనిపిస్తుంది. మన డైనింగ్ టేబుల్ మీద కంటికి కూడా ఆనని పొర అక్కడ దుప్పటి కప్పినట్టు ఉంటుంది. ఇల్లు నిజంగా ఉందన్న భ్రమ పోవడానికి అంత చాలు.

చూడ్డానికి బాగోకపోవడం ఒక్కటే అయితే తుడిచేస్తే సరిపోయేది. అసలు సమస్య ఆ తుడవడంలోనే ఉంది. ప్రతి క్లీనింగ్‌లో ఎవరో ఒకరు చెయ్యి లోపల పెట్టాలి. ప్రతిసారీ ఒక కుర్చీ కాలు, ఒక కప్పు చెవి, ఒక కర్టెన్ అంచు రిస్క్‌లో పడతాయి. పాత సిల్కు గుడ్డ అయితే బ్రష్ తగిలినా పోగులు లేస్తాయి. సందర్శకుల చేతుల వల్ల పోయేదానికంటే శ్రద్ధగా శుభ్రం చేసేవాళ్ల చేతుల వల్ల పోయేది తక్కువేమీ కాదు. పోనీ వదిలేద్దామంటే అదీ కుదరదు. గాల్లో తేమ ఎక్కువున్న చోట దుమ్ము మెల్లగా ఉపరితలానికి అతుక్కుని గట్టిపడుతుంది. అప్పుడు మెత్తటి బ్రష్‌కి రాదు. రుద్దాల్సి వస్తుంది, రుద్దితే రంగు పోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వైపు ఉండేవాళ్లకి ఈ జిగురు దుమ్ము కొత్త కాదు. సీలింగ్ ఫ్యాన్ రెక్కల మీద చూసే ఉంటారు.

కాబట్టి టార్గెట్ ఇది: ఎంత తక్కువసార్లు లోపల చెయ్యి పెడితే అంత మంచిది. నెలకోసారి క్లీన్ చేయాల్సిన బొమ్మరిల్లుని రెండేళ్లకోసారికి తేగలిగారా? ఏ గ్యాడ్జెట్టూ అంతకంటే ఎక్కువ చేయలేదు.

పెద్దవాళ్లు ఎలా చేస్తున్నారు

ఆమ్‌స్టర్‌డామ్‌లోని రైక్స్‌మ్యూజియంలో పెట్రోనెల్లా ఊర్ట్‌మన్ బొమ్మరిల్లు ఉంది. 1686 నుంచి 1710 మధ్య తయారైంది. తాబేటి చిప్ప పొదిగిన బీరువాలో తొమ్మిది గదులు. దానికి పెట్టిన ఖర్చుతో ఆ రోజుల్లో అదే ఊళ్లో కాలువ పక్కన నిజమైన ఇల్లు కొనొచ్చు. యాకబ్ అపెల్ అనే చిత్రకారుడు 1710 ప్రాంతంలో ఆ బొమ్మరిల్లునే పెయింటింగ్‌గా వేశాడు. అందులో బీరువాకి పసుపు రంగు కర్టెన్లు కనిపిస్తాయి. చూడాలనుకున్నప్పుడు తెరవాలి, లేనప్పుడు మూసేయాలి. మూడొందల ఏళ్ల క్రితమే దుమ్ముకీ వెలుతురుకీ కలిపి ఒకటే సొల్యూషన్. ఇప్పుడు దాన్ని గాజు వెనక పెట్టి, పై గదులు చూడ్డానికి ముందు మెట్లు కట్టారు. ఈ మెట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోటలో ఉన్న క్వీన్ మేరీ డాల్స్ హౌస్ ఇంకో రకం. ఎడ్విన్ లుటియెన్స్ డిజైన్ చేశాడు, మన ఢిల్లీ రాష్ట్రపతి భవన్ కట్టిన ఆయనే. 1921 నుంచి 1924 మధ్య తయారైంది. కరెంటు దీపాలు వెలుగుతాయి, కుళాయిల్లో నీళ్లు వస్తాయి, లిఫ్టులు కదులుతాయి. 1924లో వెంబ్లీ ఎగ్జిబిషన్‌లో పెడితే 16 లక్షల మందికి పైగా చూశారు. అంతమంది ఒక్కొక్క వేలు పెట్టి ఉంటే ఏమయ్యేదో వేరే చెప్పాలా? ఇప్పుడు అదీ గాజు వెనకే ఉంటుంది.

గ్యాడ్జెట్ ప్రియులకి బాగా నచ్చే కేసు మాత్రం అమెరికాది. ఫ్రాన్సెస్ గ్లెస్నర్ లీ అనే ఆవిడ 1940ల్లో పోలీసులకి నేర పరిశోధన నేర్పడానికి 1:12 స్కేల్‌లో అనుమానాస్పద మరణాలు జరిగిన గదులు తయారు చేసింది. వాటిని నట్‌షెల్ స్టడీస్ అంటారు. బాల్టిమోర్‌లో ఇప్పటికీ ట్రైనింగ్‌కి వాడుతున్నారు. అందులో ప్రతి వస్తువూ సాక్ష్యమే. పడిపోయిన కప్పు ఒక మిల్లీమీటరు పక్కకి జరిగినా కథ మారిపోతుంది. 2017లో వాషింగ్టన్‌లోని రెన్విక్ గ్యాలరీలో ప్రదర్శనకి పెట్టే ముందు నిపుణులు వాటిని బాగుచేశారు. అప్పుడు చేసిన ముఖ్యమైన మార్పు తాళమో, అలారమో కాదు. లోపలి పాత ఫిలమెంట్ బల్బులు తీసేసి, అదే రంగు వెలుతురు వచ్చేలా ఎల్‌ఈడీలు పెట్టారు. పాత బల్బుల వేడే ఆ చిన్న గదులకి పెద్ద శత్రువు.

బల్బుకీ దుమ్ముకీ సంబంధం ఏంటి?

చాలా ఉంది. మూసిన పెట్టెలో లైటు వేస్తే లోపలి గాలి వేడెక్కి వ్యాకోచిస్తుంది, సందుల్లోంచి బయటికి పోతుంది. రాత్రి లైటు ఆపగానే చల్లబడి కుంచించుకుంటుంది, బయటి గాలిని లోపలికి పీలుస్తుంది. దాంతోపాటు దుమ్ముని కూడా. పెట్టె ఊపిరి తీసుకున్నట్టే. లెక్క కూడా సింపుల్: 10 డిగ్రీలు వేడెక్కితే గాలి 3 శాతం పైచిలుకు పెరుగుతుంది. ఒక ఘనపు మీటరు, అంటే 1000 లీటర్ల పెట్టెలో రోజూ సుమారు 33 లీటర్ల మురికి గాలి లోపలికి వస్తుందన్నమాట. మీరు ఎంత ఖరీదైన గాజు పెట్టినా సరే.

అందుకే మొదటి పని, లైట్లు పెట్టె బయటికి తేవడం. పైన వేరే అర చేసి, మధ్యలో గాజు పలక పెట్టి, ఎల్‌ఈడీ స్ట్రిప్‌ని ఆ అరలో పెట్టండి. అడాప్టర్ ఇంకా బయట, కింద ఎక్కడో ఉండాలి. ఎల్‌ఈడీ చల్లగా ఉంటుంది అనుకుంటాం కానీ వేడంతా డ్రైవర్ దగ్గర, స్ట్రిప్ వెనక పుడుతుంది. గదుల్లో చిన్న దీపాలు వెలగాల్సిందే అంటే ఒకటి రెండు సన్న ఎల్‌ఈడీలు చాలు, అవీ టైమర్ మీద.

వెలుతురు ఎంత ఉండాలి? పాత గుడ్డ, కాగితం ఉన్నచోట మ్యూజియంలు 50 లక్స్ దాటనివ్వవు. మీ ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసుకుని చూడొచ్చు. ల్యాబ్ రీడింగ్ కాదు, ఫోన్‌కీ ఫోన్‌కీ తేడా వస్తుంది. కానీ 60 ఉందా 600 ఉందా చెప్పడానికి చాలు. కిటికీ పక్కన పెట్టి చూడండి, ఆ నంబర్ చూశాక మీరే జరుపుతారు.

గాజా, అక్రిలిక్కా?

ఫోన్ స్క్రీన్ గార్డ్ కొనేటప్పుడు ఇంత ఆలోచిస్తాం, ఇక్కడ మాత్రం షాపువాడు ఏది ఇస్తే అది తెచ్చుకుంటాం. ఎత్తి పక్కన పెట్టగలిగే చిన్న పెట్టెకి అక్రిలిక్ బెస్ట్. తేలిక, పగిలి ముక్కలై బొమ్మల మీద పడదు, సైన్‌బోర్డు షాపుల్లో లేజర్‌తో కోసి అతికించి ఇస్తారు. వాళ్లు చాలాసార్లు క్లోరోఫామ్‌తో అతికిస్తారు. ఆ వాసన పూర్తిగా పోయేదాకా కొన్ని రోజులు ఖాళీగా ఆరనిచ్చాకే బొమ్మరింటి మీద బోర్లించండి.

అక్రిలిక్‌తో రెండు తలనొప్పులు. ఒకటి గీతలు. పిల్లల చేతి గాజులు, పెద్దల ఉంగరాలు, గాజుకి ఆనించి ఫోటో తీసే ఫోన్ కెమెరా అంచులు అన్నీ గీస్తాయి. రెండోది స్టాటిక్. పొడి గుడ్డతో రుద్దారంటే ఛార్జ్ ఎక్కి దుమ్ముని అదే లాక్కుంటుంది. కొంచెం తడిపిన మైక్రోఫైబర్ గుడ్డతో మెల్లగా తుడవాలి. కిటికీ అద్దాలకి వాడే అమ్మోనియా స్ప్రే అస్సలు వద్దు, అక్రిలిక్‌లో సన్నటి పగుళ్లు వస్తాయి.

జనం ఎక్కువ తిరిగే చోట, పెట్టె పెద్దదైతే మా ఓటు లామినేటెడ్ గాజుకి. టఫెన్డ్ గాజు గట్టిదే, కానీ పగిలిందంటే ఒక్కసారిగా వేల ముక్కలై లోపలికి రాలుతుంది. బొమ్మరింటి మీద ఆ వర్షం కురిస్తే ఇంక ఏరుకోవడమే. లామినేటెడ్‌లో రెండు పలకల మధ్య ప్లాస్టిక్ పొర ఉంటుంది కాబట్టి పగిలినా అక్కడే అతుక్కుని ఉంటుంది. కారు ముందు అద్దం చూశారుగా, అదే.

ఏదైనా సరే, అసలు పరీక్ష సందుల దగ్గర. రాత్రి గదిలో లైట్లన్నీ ఆపేసి, పెట్టె లోపల ఫోన్ ఫ్లాష్‌లైట్ ఆన్ చేసి పెట్టి, చుట్టూ తిరిగి చూడండి. ఎక్కడ అంచు నుంచి వెలుగు గీతలా కారుతుందో అక్కడి నుంచే దుమ్ము వస్తుంది. ఆ అంచుకి సిలికాన్ రబ్బరు పట్టీ వేయించండి. పట్టీకి బదులు సీలెంట్ పూస్తానంటే వెనిగర్ వాసన వచ్చే రకం వద్దు. ఆ ఆమ్లపు ఆవిరి లోపల ఇరుక్కుంటే సీసం బొమ్మల మీద తెల్లటి పొడి లేస్తుంది. షాపులో న్యూట్రల్ క్యూర్ అని అడిగి తీసుకోండి. పెట్టె అడుగు ఎండీఎఫ్ చెక్కతో చేయించినా ఇదే సమస్య, అది కూడా ఆవిర్లు వదులుతుంది. గాలి చొరబడని పెట్టె అంటే లోపల పుట్టిన చెడు గాలి కూడా బయటికి పోదు. ఇది మర్చిపోయి అంతా సీల్ చేసేస్తే దుమ్ము లేకుండానే పాడవుతుంది.

పీసీ బిల్డర్లకి ఒక మాట. లోపలికి వచ్చే గాలి బయటికి పోయేదానికంటే ఎక్కువుంటే క్యాబినెట్‌లో దుమ్ము తక్కువ చేరుతుందని మీకు తెలుసు. పాజిటివ్ ప్రెషర్. పెద్ద బొమ్మరిళ్ల కేసులకీ ఇది పనిచేస్తుంది. ఒక చిన్న ఫ్యాన్, దాని ముందు మంచి ఫిల్టర్, నెమ్మదిగా లోపలికి గాలి. సందుల్లోంచి ఎప్పుడూ శుభ్రమైన గాలి బయటికే పోతుంది, దుమ్ముకి లోపలికి దారి దొరకదు. కాకపోతే ఫ్యాన్ ఆగకూడదు, ఫిల్టర్ మార్చడం మర్చిపోకూడదు, బయట తేమ ఉంటే అది కూడా లోపలికి వస్తుంది. కాబట్టి బీరువా కంటే పెద్ద కేసు, బోలెడు వైరింగ్ రంధ్రాలు ఉంటేనే ఇది ఆలోచించండి. టేబుల్ మీది పెట్టెకి వద్దు.

మేము ఖచ్చితంగా కొనమనే గ్యాడ్జెట్ ఒక్కటే: చిన్న డిజిటల్ హైగ్రోమీటర్. కొన్ని వందల రూపాయల్లో దొరుకుతుంది. లోపల ఒక మూల పెట్టండి. 50 దగ్గర ఉంటే హాయి. 65 దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజుకి ఆహ్వానం పలికినట్టే. అప్పుడు సిలికా జెల్ డబ్బా బొమ్మరింటి గదుల్లో కాకుండా కింద దాచిన అరలో పెట్టి, రంగు మారగానే మార్చాలి. బ్లూటూత్ మోడల్ అయితే పెట్టె తెరవకుండానే ఫోన్‌లో గ్రాఫ్ చూడొచ్చు. ఇక్కడ బ్లూటూత్‌కి ఎక్కువ డబ్బు ఇవ్వడం దండగ కాదు, ఎందుకంటే తెరిచిన ప్రతిసారీ దుమ్ము వస్తుంది.

చేతుల సంగతి

"తాకరాదు" బోర్డు ఎంత బాగా పనిచేస్తుందో మనకి తెలియనిది కాదు. చిన్న వస్తువు చూస్తే వేలు దానంతటదే ముందుకి వెళ్తుంది, పిల్లలకైనా, డెబ్బై ఏళ్ల తాతగారికైనా. ఆ వేలి మీద చెమట, ఉప్పు, నూనె. ఇత్తడి గిన్నె మీద వేలిముద్ర పడితే కొన్ని నెలలకి అది లోహంలోకి దిగిపోతుంది. ఇంకో ఇబ్బంది, 1:12 వస్తువు రెండు వేళ్ల మధ్య ఇమిడిపోతుంది. అంటే జేబులో కూడా ఇమిడిపోతుంది.

ఇక్కడే కెమెరా గురించి మా అభిప్రాయం. సీసీటీవీ అంతా రికార్డు చేస్తుంది, కానీ దేన్నీ ఆపదు. విరిగిన మేడ మెట్లు ఎవరు విరిచారో తెలిస్తే మెట్లు అతుక్కోవు. మోషన్ సెన్సర్‌తో కుయ్యిమనే అలారం ఇంకా దారుణం. పిల్లలు పది నిమిషాల్లో దాన్ని ఆటగా మార్చేస్తారు, కావాలనే చెయ్యి ఊపి మోగిస్తారు. బడ్జెట్‌లో గాజు, పట్టీ, లైటు, హైగ్రోమీటర్ అన్నీ అయ్యాక మిగిలితే కెమెరా పెట్టండి, వద్దనం.

అంతకంటే బాగా పనిచేసేవి మూడు. మొదటిది దూరం. జనం నడిచే దారికి దగ్గరగా ఉన్నచోట బట్టల పోగుల దుమ్ము ఎక్కువ పడుతుంది, దూరం పెరిగేకొద్దీ వేగంగా తగ్గుతుంది. ఒక మీటరు వెనక్కి జరిపి ముందు రెయిలింగ్ పెడితే దుమ్ము, చెయ్యి రెండూ తగ్గుతాయి. రెండోది, పైన చెప్పిన మెట్లు. కనిపించనప్పుడే మనిషి పట్టుకుని పైకి లేస్తాడు, గాజు మీద చేతులు ఆనిస్తాడు. పిల్లల ఎత్తుకి ఒక మెట్టు, పట్టుకోవడానికి ఒక కమ్మీ ఇచ్చారంటే చేతులకి పని దొరికినట్టే.

మూడోది మాకు బాగా నచ్చింది: బటన్. పెట్టె బయట, గట్టి పెద్ద పుష్ బటన్. నొక్కితే వంటగదిలో దీపం ఇరవై సెకన్లు వెలుగుతుంది. ఇంకోటి నొక్కితే పడకగది. డిలే టైమర్ బోర్డు, రెండు స్విచ్‌లు, ఎల్‌ఈడీ, అంతే సెటప్. ఎలక్ట్రానిక్స్ తెలిసిన ఇంటర్ కుర్రాడు ఒక ఆదివారం చేసేస్తాడు. తాకాలన్న కోరిక బటన్ మీద తీరిపోతుంది, మిగతా సమయం గదులు చీకట్లో ఉంటాయి కాబట్టి రంగులు వెలిసిపోవడం కూడా తగ్గుతుంది. దాని పక్కనే ఒక గట్టి చెక్క కుర్చీ, ఒక గిన్నె గొలుసుతో కట్టి "ఇవి ముట్టుకోండి" అని పెడితే ఇంకా మంచిది.

కవర్ బిగించే స్క్రూలు మామూలువి వాడకండి. మధ్యలో పిన్ ఉండే టార్క్స్ స్క్రూలు దొరుకుతాయి. ఐఫోన్ విప్పడానికి ప్రయత్నించిన వాళ్లకి పెంటాలోబ్ స్క్రూ ఎంత విసిగిస్తుందో తెలుసు. ఇక్కడ ఆ విసుగే మనకి కావాలి.

కొలువు పెట్టేవాళ్లకి

దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టేవాళ్లకి ఇంత హంగామా అక్కర్లేదు. కొన్ని రోజుల పనికి గాజు పెట్టె ఎవరు చేయిస్తారు? కానీ అక్కడ దుమ్ముకంటే చెడ్డది ఒకటుంది, పొగ. అగరుబత్తి, నూనె దీపం మసి జిడ్డుగా ఉంటుంది. బొమ్మ మీద పడితే బ్రష్‌కి రాదు. దీపం మెట్లకి దూరంగా, ఫ్యాన్ గాలి బొమ్మల వైపు తోయని చోట పెట్టుకోండి. రాత్రిపూట ప్లాస్టిక్ షీట్ కాకుండా పాత నూలు చీర కప్పండి, ప్లాస్టిక్ స్టాటిక్‌తో దుమ్ము పట్టుకుంటుంది. వంట సామాను సెట్లు, చిన్న ఇళ్లు కింది మెట్టు మీద కాకుండా మధ్యలో పెట్టండి. కింది మెట్టు ఎవరి రాజ్యమో తెలుసుగా.

కొండపల్లి బొమ్మలకి తడిగుడ్డ తగలనివ్వొద్దు. తెల్ల పొణికి చెక్క ముక్కల్ని చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు, తడి దానికి పడదు. లక్క పూసిన ఏటికొప్పాక బొమ్మలు కొంచెం ఓర్చుకుంటాయి కానీ వేడికి దూరంగా ఉంచాలి.

చివరికి శుభ్రం చేయాల్సిన రోజు వస్తే

ముందు ఫోన్ తీయండి. ప్రతి గదినీ ఎదురుగా ఒకటి, పైనుంచి ఒకటి, గ్రిడ్ లైన్లు ఆన్ చేసి ఫోటో తీయండి. అల్ట్రావైడ్ మాక్రో కంటే 2ఎక్స్ జూమ్‌తో కొంచెం వెనక నుంచి తీస్తే వంకరలు రావు, ఫోన్ దేనికీ తగలదు. ఒక గది సామాను ఒక ట్రేలోకి, ఆ ఫోటో ఆ ట్రే పక్కన. రెండు గదులు ఒకేసారి విప్పొద్దు.

మెత్తటి పొడవాటి వెంట్రుకల బ్రష్ ఒకటి. వాక్యూమ్ క్లీనర్ ఉంటే తక్కువ స్పీడ్‌లో, నాజిల్‌కి సన్నటి వల గుడ్డ రబ్బరు బ్యాండుతో బిగించి, బ్రష్‌తో దుమ్ముని నాజిల్ వైపు తోయాలి. నాజిల్ వస్తువుని తాకకూడదు. పొరపాటున ఒక చెంచా ఎగిరినా వల దగ్గర ఆగుతుంది. కీబోర్డు దుమ్ము దులిపే కంప్రెస్డ్ ఎయిర్ డబ్బా వాడొద్దు. అది దుమ్ముని తీయదు, పక్క గదిలోకి పంపుతుంది, వంచి పట్టుకుంటే చల్లటి ద్రవం కూడా చిమ్ముతుంది.

వస్తువులు మళ్లీ పెట్టేటప్పుడు ఇన్‌స్టంట్ గ్లూ జోలికి పోకండి, చుట్టూ తెల్లటి మచ్చ వేస్తుంది. పోస్టర్లు అంటించే బంక కూడా చెక్కకి నూనె మరక చేస్తుంది. మైక్రోక్రిస్టలైన్ వ్యాక్స్ అని దొరుకుతుంది, ఆవగింజంత ఉండ అడుగున పెట్టి నొక్కితే లారీ వెళ్లిన అదురుకి కప్పు పడదు, కావాలన్నప్పుడు ఊడి వస్తుంది.

మూసే ముందు ఒక చిన్న నల్లటి నిగనిగలాడే కార్డు ముక్క లోపల కనిపించని మూల పెట్టండి, అలాంటిదే ఇంకోటి పెట్టె బయట. నెల తర్వాత రెండింటినీ ఒకే లైటులో మాక్రో మోడ్‌లో ఫోటో తీసి పోల్చండి. బయటిది బూడిద రంగుకి తిరిగి, లోపలిది నల్లగానే ఉంటే మీ పెట్టె పాసైనట్టు. రెండూ ఒకేలా ఉంటే మళ్లీ ఫ్లాష్‌లైట్ పట్టుకుని సందులు వెతకాల్సిందే.